నంబరు లేని అద్దాలు

నా చిన్నప్పుడు కళ్లజోడు కొనబోతే ముందు కుర్చీ వేసి చాయ్ ఇచ్చేవాళ్లు. ఇప్పుడు ముందు ఫోన్ నంబరు అడుగుతున్నారు. ఆ తర్వాత పుట్టినరోజు అడుగుతున్నారు. కళ్లజోడుకూ పుట్టినరోజుకూ సంబంధం ఏమిటో నాకు ఇంతవరకు అర్థం కాలేదు గానీ, ప్రతి ఏడూ ఆ రోజున అందరికంటే ముందు నాకు శుభాకాంక్షలు పంపేది జల్‌పల్లి రోడ్డు మీది కళ్లద్దాల దుకాణమే. నా పిల్లలు ఆ తర్వాత లేస్తారు.

మొన్న పాత ఫ్రేము విరిగితే మళ్లీ అక్కడికే వెళ్లాను. ఎడమవైపు నా నంబరు వేయమని, కుడివైపు ఏ నంబరూ లేని ఉత్త అద్దం వేయమని చెప్పాను. కౌంటరు దగ్గరి అమ్మాయి కంప్యూటర్ వంక చూసి, అట్లా కుదరదన్నది. కుడివైపు గడి ఖాళీగా ఉంటే అది ముందుకు కదలదట. సున్నా కొట్టమన్నాను. సున్నా కొడితే ‘మీరు చెప్తున్నది నిజమేనా’ అని అడుగుతోందట. ఈ వయసులో ఒక యంత్రం ముందు కూర్చుని నా కుడి కన్ను కథ మొదటినుంచి చెప్పుకోవడం నాకు ఇష్టం లేదు. మీకైతే చెప్తాను. మీరు పుట్టినరోజు అడగలేదు.

మేము కార్వాన్‌లో ఉండేవాళ్లం. మా తాతయ్య, అమ్మ, నాన్న, నేను. నాన్న బస్సుల వర్క్‌షాపులో పని చేసేవాడు. తాతయ్య, అంటే నాన్నకు నాన్న, కచేరీలో గుమాస్తాగా చేసి రిటైరైనవాడు. ఉర్దూలో చదువుకున్నవాడు. ఎండాకాలంలో కూడా షేర్వానీ బొత్తాలన్నీ పెట్టుకునేవాడు. కోడలితో నేరుగా మాట్లాడకూడదని ఆయన నియమం, మామగారితో నేరుగా మాట్లాడకూడదని మా అమ్మ నియమం. అమ్మ తన అభిప్రాయాలను గిన్నెల ద్వారా తెలియజేసేది. గిన్నె చప్పుడును బట్టి చాయ్‌లో చక్కెర ఎంత ఉంటుందో తాతయ్య ముందే చెప్పేవాడు.

నేను బడిలో చేరే నాటికి నా కుడి బుగ్గ ఎడమ బుగ్గను దాటి కొంచెం ముందుకు వెళ్లింది. మొదట్లో అది అందరికీ ముద్దొచ్చింది. ఇంటికొచ్చిన చుట్టాలందరూ దాన్నే గిల్లేవాళ్లు. గిల్లితే మెత్తగా ఉండాల్సింది గట్టిగా తగిలేది. మెల్లమెల్లగా గిల్లడం మానేశారు. జబ్బు సంగతి మా అమ్మకు డాక్టర్ చెప్పలేదు. చుట్టాలు గిల్లడం మానేసినప్పుడే తెలిసిందట.

మొదట ఉప్పు మూటతో కాపడం పెట్టారు. పసుపు, వేపాకు నూరి రాశారు. తర్వాత పన్ను వాపేమోనని ఎవరో పళ్ల డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే, ఆయన ఒక మంచి పన్ను పీకి పంపాడు. వాపు తగ్గలేదు, పళ్లే తగ్గాయి.

బడిలో మొదటి వారమే మా టీచరమ్మ లెక్కల మధ్యలో ఆగి, “ఏయ్, నోట్ల ఏం పెట్టుకున్నవ్? బయటికి పోయి ఉమ్మేసి రా,” అన్నది. ఏమీ లేదన్నాను. అబద్ధాలాడుతున్నావా అని దగ్గరికొచ్చి నోరు తెరిపించింది. నోట్లో నిజంగానే ఏమీ లేదు. అప్పుడు ఆవిడ నా ముఖం సరిగ్గా చూసింది. ఆ పీరియడంతా నాతో చాలా ప్రేమగా మాట్లాడింది. ఆ ప్రేమ చూసి క్లాసు మొత్తానికి విషయం తెలిసిపోయింది. సాయంత్రానికి నా పేరు లడ్డూ అయింది. బుగ్గలో లడ్డూ పెట్టుకుని మింగనిది. పిల్లల దగ్గర తిట్లకు కొదవ లేదు గానీ, నాకిచ్చిన ఈ తిట్టు మాత్రం ఇంకెవరికీ సరిపోయేది కాదు. అదే దాని బాధ.

నేను బడికి పోనని గుమ్మం పట్టుకుని కూర్చున్న రోజున తాతయ్య షేర్వానీ తొడుక్కుని, “నడువ్ బిడ్డా, చార్మినార్ చూసొద్దాం,” అన్నాడు. చార్మినార్ నేను చాలాసార్లు చూశాను. అయినా వెళ్లాను. లాడ్ బజార్ గాజుల దుకాణాలు దాటాక ఒక సందులో ఆయనతో బడిలో చదువుకున్న భాయ్ ఒకాయన కళ్లద్దాల దుకాణం నడిపేవాడు. నాకు కుర్చీ వేశారు. చాయ్ ఇచ్చారు, పిల్లనని సాసర్‌లో పోసి. వాళ్లిద్దరూ ఉర్దూలో చాలాసేపు గుసగుసలాడుకున్నారు. భాయ్ నా ముఖం మీద ఒక్కో ఫ్రేమూ పెట్టి చూసి, చివరికి నల్లగా, దళసరిగా, కిటికీ చట్రంలాంటి ఒక ఫ్రేము తీశాడు. అందులో సగం బుగ్గ పట్టింది.

“నీ కండ్లు కమ్‌జోర్ ఉన్నయ్ బిడ్డా,” అన్నాడు తాతయ్య. “గందుకే గా పోరగాండ్లు గట్ల చూస్తున్నరు. ఇవి పెట్టుకో.”

పెట్టుకున్నాను. బయటికొచ్చి చూస్తే చార్మినార్ గడియారం ముల్లు కనిపించింది. లాడ్ బజార్‌లో ఒక్కో గాజు మీది మెరుపూ విడివిడిగా కనిపించింది. అంతకుముందు కూడా కనిపించేవే. కానీ ఇంత బాగా ఎప్పుడూ కనిపించలేదని ఒట్టు పెట్టి చెప్పగలిగేదాన్ని. దారి పొడుగునా ఏది కనిపిస్తే అది గట్టిగా చదివాను. తాతయ్య తల ఊపుతూ నడిచాడు.

బడిలో కొత్త పేరు వచ్చింది. నాలుగు కళ్లది. క్లాసులో అప్పటికే ఇంకో నాలుగు కళ్లవాడు ఉన్నాడు, పక్క క్లాసులో ఇద్దరున్నారు. మేమంతా కలిసి తిట్లు తినేవాళ్లం. మందిలో కలిసి తిట్లు తినడం ఎంత హాయిగా ఉంటుందో ఒంటరిగా తిన్నవాళ్లకే తెలుస్తుంది. లడ్డూను అందరూ మరిచిపోయారు.

బుగ్గ మాత్రం తన పని ఆపలేదు. అది ముందుకొచ్చినకొద్దీ ఫ్రేము కుడివైపు పైకి లేచేది. అప్పుడు తాతయ్య ‘నంబరు పెరిగింది’ అని ఇంట్లో చెప్పి కళ్లజోడు తీసుకునేవాడు. మధ్యాహ్నం అమ్మ పడుకున్నాక కుంపటి మీద దాన్ని వెచ్చబెట్టి, వేళ్లతో వంచి, చల్లారాక నా ముఖం మీద పెట్టి సరిచూసేవాడు. ఆ కాలపు ఫ్రేములు వేడి చేస్తే కర్పూరం వాసన వచ్చేది. నిద్రలో ఆ వాసన తగిలి, మామగారికి ముసలితనంలో భక్తి పెరిగిందని మా అమ్మ అనుకునేది. ఒకసారి వంచడం కుదరక భాయ్ దగ్గరికే తీసుకెళ్తే, ఆయన ఫ్రేము తిప్పి చూసి నవ్వాడు. “ఝూట్ కా నంబర్ బఢ్తాచ్ రహ్తా, సాబ్.” అబద్ధం నంబరు పెరుగుతూనే ఉంటుందని. నాకు ఉర్దూ అర్థమయ్యేది గానీ ఆ మాట అర్థం కాలేదు. నా పని చాయ్ తాగడం వరకే.

చివరికి నాన్న నన్ను నగరంలోని ఒక పెద్ద దవాఖానకు తీసుకెళ్లాడు. అమ్మ, తాతయ్య కూడా వచ్చారు. ముఖం ఎముకలకు ఆపరేషన్లు చేసే పెద్ద డాక్టర్ ఒకాయన ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చూశాడు. మంచి ఎముక అందులో తెల్లగా, శుభ్రంగా కనిపిస్తుందట. నా కుడి బుగ్గ మాత్రం స్నానాల గది కిటికీకి వేసే మసక గాజులా ఉంది. క్యాన్సర్ కాదని ముందే చెప్పాడు. మా అమ్మ అప్పుడు ఊపిరి తీసుకుంది. జబ్బు పేరు ఫైబ్రస్ డిస్‌ప్లేసియా. నాన్న దాన్ని దవాఖాన గేటు దాకా మోసుకొచ్చి అక్కడ పోగొట్టుకున్నాడు. తాతయ్య మాత్రం ఇంటి వాడకానికి ‘ఎముక పొగరు’ అని పేరు పెట్టాడు.

“గోడకు సున్నం కొట్టేటోడు ఒక్క జాగల్నే కొట్టుకుంట పోయిండనుకోండ్రి, గట్లన్నట్టు,” అని డాక్టర్ మాకు అర్థమయ్యేలా చెప్పాడు. ఎక్కువైన ఎముకను పై పెదవి లోపలినుంచి కోసి, ఉలితో చెక్కి, సమానం చేస్తారట. కానీ పిల్ల ఎదిగే వయసులో చెక్కితే అదీ మళ్లీ ఎదుగుతుంది. ఎదుగుదల ఆగాక అది కూడా చాలావరకు ఆగుతుంది, అప్పుడు చెక్కితే నిలుస్తుంది. అందాకా ఆగమన్నాడు. ఎముక కంటి వెనక నరాన్ని నొక్కితే మాత్రం ఆగకూడదన్నాడు.

ఆ మాట అంటూ నా ముఖం వంక చూసి ఆగాడు. “కండ్లద్దాలు ఎప్పటిసంది?”

నాన్న నిజాయితీపరుడు. ఒకటో తరగతి నుంచి అని, నంబరు ఏటేటా పెరుగుతూనే ఉందని చెప్పాడు. డాక్టర్ ముఖం మారింది. అయితే ఆగడానికి లేదు, ముందు కంటి డాక్టర్‌కు చూపించండి, ఆపరేషన్ తొందరగా చేద్దాం అన్నాడు. మా అమ్మ ముఖం కూడా మారింది, కానీ ఇంకో రకంగా. తొందరగా అన్న మాట ఒక్కటే ఆమెకు వినిపించింది. నా బుగ్గను అరచేత్తో ఒకసారి నిమిరింది. ఆ చేతిలో అది అప్పటికే సమానమైపోయినట్టుంది.

తాతయ్య టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

కంటి విభాగంలో ఒక డాక్టరమ్మ నా కళ్లజోడు తీసి, గోడ మీది అక్షరాల అట్ట చదవమన్నది.

“ఏం కనిపిస్తలేదు,” అన్నాను.

“పైన పెద్ద అక్షరం?”

“గోడ గూడ కనిపిస్తలేదు.”

నేను అబద్ధం చెప్పలేదు. అద్దాలు లేకుండా నాకు కనిపించదని నాకు తెలుసు. తెలిశాక ఇంక చూడటమెందుకు? కళ్లజోడు మళ్లీ పెట్టింది. అట్ట మొత్తం చదివాను. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో ప్రెస్సు పేరుంటే అది కూడా చదివాను. డాక్టరమ్మ నా కళ్లజోడు తీసుకుని కిటికీకి ఎదురుగా పట్టి అటూ ఇటూ కదిపింది. నంబరు ఉంటే అద్దంలోంచి కిటికీ ఊచలు కదిలినట్టు కనిపించాలట. కదలలేదు. ఆమె పెట్టెలోంచి అద్దాలే లేని ఖాళీ ఫ్రేము ఒకటి తీసి నా ముక్కు మీద పెట్టి, చదవమన్నది. మళ్లీ మొత్తం చదివాను. ప్రెస్సు పేరుతో సహా.

ముందు మా నాన్న నవ్వాడు. తర్వాత అర్థమై ఆపేశాడు.

“నంబర్ లేదమ్మా,” అన్నాడు తలుపు దగ్గర నిలబడ్డ తాతయ్య. “ఎన్నడూ లేకుండె.”

కళ్లు బాగానే ఉన్నాయని తేలింది కాబట్టి ఆపరేషన్ వెనక్కి పోయింది. పదహారు, పదిహేడేళ్లు రానివ్వండి అన్నాడు పెద్ద డాక్టర్. అందాకా ఏడాదికోసారి చూపించమన్నాడు. నా కళ్లు బాగున్నాయన్న కబురుకు మా ఇంట్లో ఎవరూ సంతోషించలేదు. ఇంటికొచ్చే దారిలో రిక్షాలో మా అమ్మ ఏడుస్తూ, రిక్షా టాపుకు చెప్పినట్టు చెప్పింది: “అబద్ధం ఆడితే ఆడిండు. దొరకకుంట ఆడరాదా.” వెనక రిక్షాలో వస్తున్న తాతయ్యకు అది వినిపించిందో లేదో తెలియదు. ఆ రోజు నుంచి గిన్నెలు కూడా ఆయనతో మాట్లాడటం మానేశాయి. వంటింట్లో అంత నిశ్శబ్దం నేను అంతకుముందు వినలేదు.

కళ్లజోడు అటకెక్కింది. మరునాడు బడికి వెళ్తే లడ్డూ నాకోసం ఎదురుచూస్తూ ఉంది.

ఆ సాయంత్రం అరుగు మీద కూర్చుని తాతయ్య నాకు సంజాయిషీ ఇచ్చుకున్నాడు. పెద్దవాళ్లు పిల్లలకు సంజాయిషీ ఇవ్వడం ఆ రోజుల్లో లేదు. అందుకే గుర్తుండిపోయింది. “లడ్డూ అంటే నువ్వొక్కదానివే బిడ్డా. నాలుగు కండ్లదంటే శానమంది. నలుగురిల కలిపి కొడితే దెబ్బ జర తక్కువ తలుగుతది. గంతే నేను జేసింది. ఇంత దూరం పోతదనుకోలే.”

ఆ తర్వాత సంగతి నేను తొందరగా చెప్పేస్తాను. నెమ్మదిగా చెప్పడం నాకు చేతకాదు.

రెండేళ్లు గడిచాక ఒక బతుకమ్మ పండుగకు అమ్మ గునుగు పూలకు ఎర్ర రంగు అద్ది చేటలో ఆరబెట్టింది. నేను పూలు ఏరుతూ రంగు సరిగ్గా పట్టలేదన్నాను. మంచిగనే పట్టింది గదా అన్నది అమ్మ. మళ్లీ చూస్తే పట్టినట్టే ఉంది. ఇంకాసేపటికి మళ్లీ వెలిసినట్టుంది. చాలాసేపు పూలతో గొడవపడ్డాక తెలిసింది, ఎడమ కన్ను మూసినప్పుడు అవి పాత ఇటుక రంగులో ఉంటున్నాయి. కుడి కన్ను మూస్తే ఎర్రగా ఉంటున్నాయి. పరుగెత్తుకెళ్లి అమ్మకు చెప్పాను.

“మల్ల మొదలువెట్టినవా?” అన్నది అమ్మ. “ఎవరు నేర్పిన్రు, మీ తాతనా? అద్దాలు గిద్దాలు ఏం లేవు. పో, పూలు ఏరు.”

కళ్లజోడు కోసం నాటకమాడుతున్నాననుకుంది. అనుకోకుండా ఎట్లా ఉంటుంది? కళ్లు బాగుండగా గోడ కూడా కనిపించడం లేదని దవాఖానలో నేను చెప్పింది ఆమె చెవులారా విన్నది.

తాతయ్య విన్నాడు. ఒక గునుగు పువ్వు తీసుకుని నన్ను అరుగు మీదికి పిలిచి, ఒక్కో కన్నూ మూయించి రంగు అడిగాడు. ఎరుపన్నాను. ఇటుకన్నాను. పువ్వు వెనక దాచి, వేరే పువ్వు తెచ్చి, మళ్లీ అడిగాడు. అబద్ధాల విషయంలో మా ఇంట్లో ఆయనే అనుభవజ్ఞుడు. రాత్రి అన్నాల దగ్గర నాన్నతో, “పిల్ల నిజం చెప్తున్నది. అబద్ధమాడేటోళ్లు గిసొంటి పనికిరాని అబద్ధం ఆడరు. దవాఖానకు పోదాం,” అన్నాడు.

“బాపూ, నువ్వు జెప్పకు,” అన్నాడు నాన్న. కోపంగా కూడా కాదు. అన్నం కలుపుతూ అన్నాడు.

ఆ ఏడాది డాక్టర్‌కు చూపించాల్సిన గడువు ఇంకా రాలేదు. తాతయ్య మరునాడు మళ్లీ చెప్పాడు. ఆ మరునాడు మళ్లీ చెప్పాడు. ఇంట్లో ఆయన మాటకు నంబరు లేకుండా పోయింది. దసరా వెళ్లింది. దీపావళి వెళ్లింది. దీపావళికి నేను కుడి కంటితో చూస్తే కాకరపువ్వొత్తి తెల్లటి మసకలా ఉంది. ఆ సంగతి నేను తాతయ్యకు ఒక్కడికే చెప్పాను. ఆయన మరునాడు పొద్దున్నే షేర్వానీ బొత్తాలు పెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, “నడువ్ బిడ్డా, చార్మినార్ చూసొద్దాం,” అని నన్ను రిక్షా ఎక్కించి దవాఖానకు తీసుకెళ్లాడు.

అదే డాక్టరమ్మ. అదే అట్ట. ఎడమ కన్ను మూసింది. ప్రెస్సు పేరు సంగతి అటుంచండి, పై అక్షరం కూడా లేదు. ఆమెకు నేను గుర్తున్నాను. నవ్వుతూ పెట్టెలోంచి ఖాళీ ఫ్రేము తీసి పెట్టి చూసింది. ఈసారి అది పని చేయలేదు. అట్ట కనిపించకపోయినా, ఆమె గొంతులో నవ్వు ఆగిపోవడం నాకు తెలిసింది.

ముందే వచ్చి ఉంటే కన్ను దక్కేదా అని మా ఇంట్లో ఎవరూ డాక్టర్‌ను అడగలేదు. ఆయన దగ్గర జవాబు ఉంటుందేమోనని భయం.

“బుగ్గకు మాట ఇస్త,” అన్నాడు పెద్ద డాక్టర్ మా నాన్నతో. “కంటికి ఇయ్యలేను.” నరాన్ని నొక్కుతున్న చోట ఎముకను తీసేసి, పనిలో పనిగా బుగ్గను కూడా కొంత చెక్కుతామన్నాడు. ఆ ఎముక చెక్కితే రక్తం బాగా పోతుందట. నాన్న ఇచ్చాడు. తాతయ్య చొక్కా చెయ్యి మడిచి బల్ల ఎక్కబోతే, వయసు ఎక్కువని దింపేశారు. ఆయన దిగి ఎటో వెళ్లి, అద్దాల దుకాణం భాయ్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. సూది అంటే భాయ్‌కు భయం. కళ్లు గట్టిగా మూసుకుని ఇచ్చాడట. నా ఒంట్లో కొంత అద్దాల దుకాణం ఉందని నేను ఇప్పటికీ అంటూ ఉంటాను.

ఆపరేషన్ గురించి నాకు తెలిసింది తక్కువ. ముక్కు మీద ఒక ఘాటు వాసన వచ్చింది. లేచేసరికి నోరంతా కుట్లు, ముఖమంతా కట్టు. గంజి, పాలు గొట్టపు గిన్నెతో పోసేవాళ్లు. మా అమ్మ మంచం పక్కన స్టూలు మీద కూర్చుని ఉండేది. ఇంటికి పొమ్మన్నా పోయేది కాదు. నాతో కూడా ఎక్కువ మాట్లాడేది కాదు. చేతులకు పని ఉండాలని బత్తాయిలు ఒలుస్తూనే ఉండేది. వార్డులో ఉన్న వాళ్లందరూ మా బత్తాయిలు తిన్నారు, నేను తప్ప.

కంటి మీది కట్టు విప్పారు. వాపు తగ్గాలి, కొన్నాళ్లు చూద్దాం అన్నారు డాక్టర్లు. ఆ కొన్నాళ్లలో ఒక మధ్యాహ్నం తాతయ్య వచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు. ముందు వీధి సంగతులు చెప్పాడు. పక్కింటి మేక మన షేర్వానీ బొత్తాం తిన్నదన్నాడు. తర్వాత ఒక చెయ్యి చాచి అరచేత్తో నా ఎడమ కన్ను మూశాడు. ఆ చెయ్యి కర్పూరం వాసన వేస్తుందేమో అనుకున్నాను. సబ్బు వాసన వేసింది.

“ఎన్ని వేళ్లు, బిడ్డా?”

ఏమీ లేదు. చీకటి కూడా కాదు. వీపుతో చూస్తే ఎట్లుంటుందో అట్లా ఉంది. కానీ ఆ గొంతు విన్నాను. నాకు అప్పటికి పదకొండో ఏడు. మా ఇంట్లో ఎన్నాళ్ల నుంచి ఆయన ఎట్లా బతుకుతున్నాడో చూస్తున్నాను. ఇట్లాంటప్పుడు ఎవరైనా చూపించేది రెండు వేళ్లే అని లెక్క వేసుకున్నాను. ఆలస్యం చేస్తే అనుమానం వస్తుందని వెంటనే చెప్పాను.

“రెండు.”

“సరిగ్గ జెప్పినవ్ బిడ్డా,” అన్నాడు. ఎడమ కంటి మీది చెయ్యి తీశాడు. ముఖం కడుక్కుని వస్తానని బయటికి వెళ్లి చాలాసేపటికి వచ్చాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. సంతోషం అనుకున్నాను. చాలా గర్వపడ్డాను. ఆయన నాకు నేర్పిన పనిలో ఆయన్నే దాటేశానని.

ఆయన కూర్చోగానే మా అమ్మ ఒలిచిన బత్తాయి తొనలు అరచేతిలో పెట్టుకుని ముందుకు చాచి, “తినుండ్రి మామా,” అన్నది. నేరుగా, ఆయన ముఖం చూసి. అంతకుముందు అట్లా అనడం నేను చూడలేదు. కన్ను వచ్చిందని సంతోషించి కోపం పోయిందేమో అనుకున్నాను.

పిల్ల రెండు వేళ్లు చూసిందని తాతయ్య కార్వాన్ అంతా చెప్పుకొచ్చాడు. ఆ కంటికి ఇంక చూపు రాదని డాక్టర్లు నాన్నకు చెప్పేశారు. అయినా తాతయ్య ముందు ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తేవాళ్లు కాదు. నేనూ జాగ్రత్తగా ఉండేదాన్ని. ఆయన ఎదుట కుడివైపున ఏదీ తగలకుండా, చెంబు ఎక్కడుందో ముందే చూసిపెట్టుకుని నడిచేదాన్ని. అదృష్టం కొద్దీ వీధిలో ఆయన ఎప్పుడూ నా కుడిపక్కనే నడిచేవాడు కాబట్టి సైకిళ్లూ మేకలూ నన్ను పట్టివ్వలేదు. నేను మళ్లీ బడికి వెళ్లే రోజున ఆయనే అటకెక్కి పాత కళ్లజోడు దించి, తుడిచి, కొత్త బుగ్గకు తగినట్టు కుంపటి మీద వంచి పెట్టాడు. ఎందుకు తాతా అంటే, “దుమ్ముకు మంచిది,” అన్నాడు. కర్పూరం వాసన వచ్చినా అమ్మ ఏమీ అనలేదు.

చెక్కిన బుగ్గ డాక్టర్ చెప్పినట్టే కొంత మళ్లీ పెరిగింది. ఎదుగుదల ఆగాక, నాకు పద్దెనిమిదో ఏట, మళ్లీ చెక్కారు. ఈసారి అది నిలిచింది. పెదవి లోపల కుట్లు, బయట గీత కూడా లేదు. అద్దంలో చూసుకుంటే రెండు బుగ్గలూ మర్యాదగా, సమానంగా ఉన్నాయి, ఎవరో పరిచయం లేని పెళ్లివారిలా. తాతయ్య ఆ ముఖం చూడలేదు. అంతకు రెండేళ్ల ముందే వెళ్లిపోయాడు. కన్ను వచ్చిందన్న నమ్మకంతోనే వెళ్లిపోయాడని, ఆ ఒక్కటి మాత్రం ఆయనకు నేను ఇవ్వగలిగానని అనుకునేదాన్ని. చాలా ఏళ్లు ఆ మాట తలుచుకునే చాలా కష్టాలు దాటాను.

ఎడమ కంటికి తర్వాత నిజంగానే నంబరు వచ్చింది. కుడివైపు మాత్రం ఉత్త అద్దమే వేయించుకుంటూ వచ్చాను. కనిపించని కంటికి అద్దమెందుకని దుకాణాల వాళ్లు అడుగుతూనే ఉంటారు. దుమ్ముకు మంచిదని చెప్తాను. ఆ అద్దం లేకుండా బయటికి వెళ్తే, నన్ను అందరిలోంచి విడిగా తీసి నిలబెట్టినట్టు ఉంటుంది.

మా అమ్మకు ముసలితనంలో కంటి శుక్లం తీశారు. కట్టు విప్పిన రోజున నేను పక్కన కూర్చుని, సరదాకు ఆమె ఒక కన్ను మూసి, ఎన్ని వేళ్లమ్మా అని అడిగాను. నాలుగన్నది. సరిగ్గానే చెప్పింది. అప్పుడు నవ్వుతూ, అన్నేళ్లుగా ఎవరికీ చెప్పని సంగతి ఆమెకు చెప్పాను. ఆ రోజు నాకేమీ కనిపించలేదని, ఊహించి రెండు అన్నానని, తాతయ్య నమ్మేశాడని.

అమ్మ నవ్వలేదు. బత్తాయి ఒలిచి ఇమ్మని నా చేతిలో పెట్టింది. నేను ఒలవడం మొదలుపెట్టాక అన్నది:

“ఏం నమ్ముడే. ఒక చెయ్యి నీ కంటి మీద ఉండె. రెండోది మంచం అంచు పట్టుకోని ఉండె. మీ తాత చెయ్యి ఎత్తనే లేదు.”